మాక్ సెషన్స్ విచారణ: పద్నాలుగు వారాల ప్రాజెక్టు డైరీ

చివరి సంవత్సరం న్యాయ విద్యార్థులు 24 మందితో 14 వారాలపాటు నడిపిన మాక్ క్రిమినల్ విచారణ వివరాలివి. ఇదే పని తలపెట్టే అధ్యాపకులు దీన్ని ఉన్నదున్నట్టుగా వాడుకోవచ్చు, లేదా కనీసం నేను చేసిన పొరపాట్లనైనా తప్పించుకోవచ్చు. అంకెలన్నీ మా తరగతిలో మేం లెక్కపెట్టినవే కాబట్టి వాటిని ఒక్క బృందం కొలతలుగానే చూడాలి.

బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 న్యాయవిద్యా నియమాల్లోని క్లినికల్ (ఆచరణతో నేర్పే) కోర్సులో మూడు మూట్ కోర్టులకు 30 మార్కులు, ఒక సివిల్ కేసు, ఒక క్రిమినల్ కేసు విచారణను గమనించి రాసినందుకు 30 మార్కులు ఉన్నాయి. మూట్ కోర్టులో వాస్తవాలు ముందే తేలిపోయి ఉంటాయి, విద్యార్థి వాటిమీద వాదిస్తాడు. విచారణను గమనించేటప్పుడు వెనక బెంచీలో కూర్చుని చూస్తాడు. ఈ రెంటిలో ఎక్కడా అతడు ఒక సాక్షిని నిలబెట్టి ఒక్క ప్రశ్న కూడా అడగడు. ఈ ప్రాజెక్టు ఆ ఖాళీ కోసం మొదలైంది.

దశ 1: కేసు ఫైలు (1, 2 వారాలు)

కేసు కల్పితం. ప్రహరీ గోడ తగాదాలో రాత్రి 9.40కి ఒక వ్యక్తి కడుపులో కత్తిపోటు తగులుతుంది. అభియోగం భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) సెక్షన్ 109(1) కింద హత్యాయత్నం. అది సెషన్స్ కోర్టు విచారించే నేరం కనుక ఎంచుకున్నాను. ప్రాసిక్యూషన్ సాక్షులు (పీడబ్ల్యూ) ఐదుగురు: గాయపడిన వ్యక్తి (పీడబ్ల్యూ-1), పొరుగింటి ప్రత్యక్ష సాక్షి (పీడబ్ల్యూ-2), కత్తి స్వాధీనానికి మధ్యవర్తి, అంటే పోలీసులు కత్తిని తీసుకోవడం చూసిన సాక్షి (పీడబ్ల్యూ-3), డాక్టరు (పీడబ్ల్యూ-4), దర్యాప్తు అధికారి (పీడబ్ల్యూ-5).

మొదటి తప్పు మొదటి రోజే బయటపడింది. పాత ముసాయిదా ఒకదాన్ని దిద్ది వాడుకోవడంతో ఘటన తేదీ 2024 మార్చిలోనే ఉండిపోయింది. కొత్త చట్టాలు అమల్లోకి వచ్చింది 2024 జులై 1న. అంతకుముందు జరిగిన నేరానికి అభియోగం భారతీయ శిక్షాస్మృతి 307 కింద ఉండాలి తప్ప బీఎన్‌ఎస్ 109 కింద కాదు. ఈ సంగతి కనిపెట్టింది నేను కాదు, ఎప్పుడూ చివరి వరసలో కూర్చునే ఒక విద్యార్థిని. తేదీని సెప్టెంబరుకు మార్చి ఫైలు మళ్ళీ ప్రింటు తీశాను.

రెండో తప్పు బరువు. ఫైలు 64 పేజీలు వచ్చింది. వారం తర్వాత అడిగితే పూర్తిగా చదివినవారు 24 మందిలో ఏడుగురు. దాన్ని 22 పేజీలకు కుదించాను. చివరికి మిగిలిన పత్రాలు ఇవి:

1. ఎఫ్‌ఐఆర్.
2. పీడబ్ల్యూ-1, 2 పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలాలు.
3. ఘటనా స్థలం రఫ్ స్కెచ్.
4. గాయాల ధ్రువపత్రం.
5. ముద్దాయి చెప్పిన మాటలతో సహా కత్తి స్వాధీనానికి మధ్యవర్తుల నివేదిక.
6. ఛార్జిషీటు.
7. కోర్టు రూపొందించిన అభియోగం.

మూడో తప్పు తూకం. ప్రాక్టీసులో ఉన్న ఇద్దరు న్యాయవాదులకు ఫైలు చూపిస్తే ఇద్దరూ కేసు కొట్టేస్తారని ఒక్క మాటగా చెప్పారు. బలహీనతలన్నీ ప్రాసిక్యూషన్ వైపే పెట్టానన్నమాట. గంటా పది నిమిషాల్లోనే ముద్దాయి పేరుతో ఎఫ్‌ఐఆర్ నమోదైనట్టు, గాయం వెడల్పు కత్తి వెడల్పుతో సరిపోయినట్టు మార్చాక తూకం కుదిరింది.

నాలుగోదాన్ని తప్పు అనలేను, నా అంచనా తలకిందులైందంతే. వీధిదీపం మసక వెలుతురులో 14 మీటర్ల దూరం నుంచి ముఖం గుర్తుపట్టలేరన్నది డిఫెన్స్‌కు ప్రధానాస్త్రం అవుతుందనుకున్నాను. టేపుతో నడవాలో 14 మీటర్లు కొలిచి, దూరంగా ఒక్క దీపం వెలిగించి, పన్నెండుగురిని ఒక్కొక్కరుగా నిలబెట్టి చూపించాం. ఎదురుగా నడిచొచ్చిన సహవిద్యార్థిని పన్నెండుగురూ గుర్తుపట్టారు. ముగ్గురు ముఖం కనబడకముందే నడకను బట్టి పేరు చెప్పారు. ఎరిగిన మనిషి విషయంలో ఆ వాదన నిలబడదు. అందుకని స్కెచ్‌ను మార్చి, పీడబ్ల్యూ-2 నిలుచున్న చోటి నుంచి ముద్దాయి వీపు మాత్రమే కనబడేలా పెట్టాను.

ఇప్పటివరకు: తరగతి గంటలు 4.00 (చుక్క తర్వాతివి నిమిషాలు). ఫైలు తయారీకి నాకు పట్టినవి 11.00. ఫైలు ముసాయిదాలు 4.

దశ 2: మొదటి పూర్తి విచారణ (3వ వారం)

ఆరుగురితో ఒక జట్టు, ముగ్గురు ప్రాసిక్యూషన్, ముగ్గురు డిఫెన్స్. సాక్షులుగా ఇతర జట్లవారు. న్యాయమూర్తిగా ప్రాక్టీసులో ఉన్న ఒక న్యాయవాది. 5 గంటల్లో ముగించాలనుకున్నది రెండు రోజుల మీద 9 గంటల 20 నిమిషాలు పట్టింది. ఆ 560 నిమిషాల్లో ఆ ఆరుగురూ కలిపి మాట్లాడింది 212 నిమిషాలు. మిగిలిన 18 మందిలో సాక్షులైన ఐదుగురు తప్ప అందరూ ఊరికే కూర్చున్నారు. నేర్పడానికని పెట్టుకున్న పనిలో సగానికి పైగా తరగతి ప్రేక్షకులైపోవడం, నాకు సంబంధించినంతవరకు, ఈ ప్రాజెక్టులో అన్నిటికన్నా పెద్ద వైఫల్యం. పూర్తి విచారణతో మొదలుపెట్టకూడదని ఆ సాయంత్రమే నిర్ణయించుకున్నాను.

జరిగిన పొరపాట్లలో నాలుగింటిని మాత్రమే ఇక్కడ రాస్తున్నాను.

ఒకటి, సాక్షులు కథలు అల్లారు. పీడబ్ల్యూ-2ను వెలుతురు గురించి గుచ్చి అడగగానే, ఆ పాత్ర వేసిన విద్యార్థి క్షణం ఆలోచించి, సరిగ్గా అప్పుడే ఒక కారు వచ్చిందనీ, దాని లైట్లలో ముద్దాయి ముఖం పట్టపగల్లా కనబడిందనీ చెప్పాడు. ఫైలులో కారు లేదు. ప్రశ్న అడిగిన విద్యార్థిని నోరు తెరుచుకుని ఉండిపోయింది.

రెండు, ప్రాసిక్యూషన్‌వారు పీడబ్ల్యూ-2 పోలీసు వాంగ్మూలం మొత్తాన్ని చీఫ్‌లోనే (సాక్షిని పిలిచిన పక్షం మొదట ప్రశ్నించే దశ) ఎగ్జిబిట్‌గా, అంటే కోర్టు అంకె వేసిన సాక్ష్య పత్రంగా, మార్క్ చేయించారు. భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) సెక్షన్ 181 ప్రకారం ఆ వాంగ్మూలాన్ని సాక్షి మాటతో విభేదం చూపడానికే వాడాలి, అదీ ప్రాసిక్యూషన్ వాడాలంటే కోర్టు అనుమతి తీసుకోవాలి. డిఫెన్స్ అభ్యంతరం చెప్పలేదు, న్యాయమూర్తీ పట్టించుకోలేదు.

మూడు, న్యాయమూర్తి పాత సెక్షన్లు చెబుతుంటే విద్యార్థులు కొత్తవి చెబుతున్నారు. “145 ప్రకారం చూపించండి” అంటే జట్టంతా పుస్తకాలు తిరగేసింది. దీనికి మందు తేలికే. ఒక పట్టిక రాసి బల్లకు అతికించాం: సీఆర్‌పీసీ బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 161 ఇప్పుడు 180, 162 ఇప్పుడు 181, 164 ఇప్పుడు 183, 313 ఇప్పుడు 351. సాక్ష్య చట్టం బదులు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో (బీఎస్‌ఏ) 27 ఇప్పుడు 23 కింది మినహాయింపు. 145 ఇప్పుడు 148. 154 ఇప్పుడు 157. 65బి ఇప్పుడు 63.

నాలుగు, చివర్లో న్యాయమూర్తి 25 నిమిషాలు మాట్లాడారు. చెప్పినవన్నీ మంచి మాటలే. మర్నాడు ఆ ఆరుగురినీ అందులో ఏం గుర్తుందని విడివిడిగా అడిగితే నలుగురు “ఇంకా ధైర్యంగా మాట్లాడమన్నారు” అని రాశారు.

ఇప్పటివరకు: తరగతి గంటలు 13.20. పూర్తి విచారణలు 1. క్రాస్‌లో (ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించే దశ) అడిగిన ప్రశ్నలు 318.

దశ 3: లెక్క (4వ వారం)

రెండు రోజుల ఆడియో రికార్డు ఉంది. క్రాస్‌లోని 318 ప్రశ్నలను ఒక్కొక్కటిగా విని నాలుగు గడుల్లో వేశాం: ఒకే వాస్తవంతో జవాబును సూచించే ప్రశ్న, జవాబును సాక్షికే వదిలేసిన ప్రశ్న, రెండు మూడు విషయాలు కలిపేసిన ప్రశ్న, ప్రశ్న రూపంలోని వాదన.

ఇద్దరు విద్యార్థులు వేర్వేరుగా లెక్కపెట్టగా, నమూనాగా తీసుకున్న మొదటి 100 ప్రశ్నల్లో 27 చోట్ల వారికి పొంతన కుదరలేదు. తేడా ఎక్కడ వచ్చిందో చూస్తే చిక్కు తెలుగు వాక్యంలోనే ఉంది. “మీరు కత్తిని చూశారా?” అన్నది సూచించే ప్రశ్నా కాదా? ఇంగ్లీషు పాఠాల్లో చెప్పే గుర్తులు ఇక్కడ పనికిరావు. బీఎస్‌ఏ సెక్షన్ 146 ప్రకారం, అడిగేవారు ఏ జవాబు కోరుతున్నారో ఆ జవాబును సూచించేదే లీడింగ్ ప్రశ్న. దాన్ని పట్టుకుని మేం ఇలా నియమం పెట్టుకున్నాం: సాక్షి అంతవరకు చెప్పని, వివాదంలో ఉన్న వాస్తవాన్ని ప్రశ్నే మోసుకొస్తే అది లీడింగ్, చివర “కదా” ఉన్నా లేకపోయినా. మళ్ళీ అదే 100 ప్రశ్నలు లెక్కపెడితే తేడా 8కి దిగింది.

మొత్తం లెక్క: ఒకే వాస్తవం ఉన్న లీడింగ్ ప్రశ్నలు 97, వదిలేసినవి 104, కలిపేసినవి 71, వాదనలు 46. అంటే క్రాస్‌లో అడగవలసిన పద్ధతిలో అడిగినవి నూటికి ముప్పై.

ఇదే లెక్కలో అనుకోనిది ఒకటి దొరికింది. లీడింగ్ ప్రశ్నలు అడగకూడని చీఫ్‌లో “కదా” 19 సార్లు వచ్చింది. “మీరు అప్పుడు బయటకు వచ్చారు కదా, ముద్దాయి చేతిలో కత్తి ఉంది కదా, తర్వాత ఏం జరిగింది?” అడిగిన విద్యార్థికి తాను జవాబు అందిస్తున్నానన్న స్పృహే లేదు. మన మాటల్లో “కదా” ఊతపదంగా దొర్లిపోతుంది. మామూలు సంభాషణలో అది మర్యాద, చీఫ్‌లో అదే అభ్యంతరానికి దారి. పరిచయ విషయాలు, వివాదం లేనివి, అప్పటికే రుజువైనవి అయితే చీఫ్‌లోనూ అలా అడగవచ్చు. చేతిలో కత్తి ఉందన్నది ఆ కోవలోకి రాదు.

ఇప్పటివరకు: తరగతి గంటలు 19.20.

దశ 4: నాలుగు నిమిషాల ముక్కలు (5, 6, 7 వారాలు)

పూర్తి విచారణను పక్కనపెట్టి వారానికి రెండు తరగతులు, ఒక్కోటి రెండు గంటలు, మూడు గదుల్లో ఒకేసారి నడిపాం. గదికి ఎనిమిది మంది. నా గది కాక మిగిలిన రెంటిని మొదట్లో ఫైలు చూసిన ఆ ఇద్దరు న్యాయవాదులు చూసుకున్నారు. పద్ధతి ఇది:

1. ఒక సాక్షి, ఒకే లక్ష్యం. ఉదాహరణకు “పీడబ్ల్యూ-2 ముద్దాయి ముఖం చూడలేదు.”
2. ఆ లక్ష్యానికి కావలసిన వాస్తవాలను కార్డుకు ఒకటి చొప్పున రాయాలి. ప్రశ్నగా కాదు, వాక్యంగా.
3. కార్డు మూలన ఆ వాస్తవం ఫైలులో ఏ పేజీలో ఉందో వేయాలి. పేజీ అంకె లేని కార్డును చించెయ్యాలి.
4. నాలుగు నిమిషాల క్రాస్. స్టాప్‌వాచ్ మోగగానే, వాక్యం మధ్యలో ఉన్నా ఆపాలి.
5. తొంభై సెకన్ల విమర్శ, ఒకే ఒక్క అంశం మీద.
6. అదే విద్యార్థి అదే క్రాస్‌ను వెంటనే మళ్ళీ చేయాలి.

విమర్శకు, న్యాయవాద శిక్షణలో వాడే హాంపెల్ పద్ధతిని అనుసరించాం. విషయం ఒక్క ముక్కలో చెప్పడం, విద్యార్థి అన్న మాటనే రాసుకున్నది రాసుకున్నట్టు చదవడం, అది ఎందుకు నష్టమో చెప్పడం, దిద్దుబాటు చెప్పడం, చేసి చూపడం, తిరిగి చేయించడం. ఇందులో మొదట నేను ఎగ్గొట్టింది అన్న మాటను చదివి వినిపించడం. రాసుకోవడం బద్ధకమై “మీరు వదిలేసిన ప్రశ్నలు ఎక్కువ అడిగారు” అని సరిపెట్టేవాణ్ణి. “నేను అలా అడగలేదు సార్” అని విద్యార్థులు వాదనకు దిగేవారు, తొంభై సెకన్లు అందులోనే పోయేవి. వారి వాక్యాన్ని వారికే చదివి వినిపించడం మొదలుపెట్టాక ఆ వాదన ఆగిపోయింది.

కార్డులతో ఎదురైన చిక్కు వేరే రకం. విద్యార్థులు సాక్షి మొహం చూడకుండా కార్డులు చూస్తూ చదివేవారు. ఆరో వారంలో పీడబ్ల్యూ-1ను అడుగుతున్న ఒకరికి, “ఆ సమయంలో నేను కళ్ళు మూసుకున్నాను” అని సాక్షి అడక్కుండానే చెప్పాడు. డిఫెన్స్‌కు దానికి మించిన వరం లేదు. అతడు తలెత్తకుండా తర్వాతి కార్డు అందుకుని, “దాడి జరుగుతున్నప్పుడు మీరు ముద్దాయినే చూస్తున్నారు కదా?” అని అడిగాడు. సాక్షి హాయిగా “అవును” అన్నాడు. అప్పటి నుంచి ఆరో మెట్టుకు, అంటే రెండోసారి చేసేటప్పటికి, కార్డులు లాగేసుకున్నాం. కొందరు తడబడ్డారు కానీ, జవాబు వినడం మొదలైంది.

సాక్షుల కథలకూ విరుగుడు ఇక్కడే దొరికింది. తోటి విద్యార్థుల బదులు, సాక్ష్య చట్టం ఇంకా చదవని మొదటి సంవత్సరం విద్యార్థులను తెచ్చాం. వారికి ఒక నియమం, ఒక చీటీ. కేసును తేల్చే విషయం ఫైలులో లేకపోతే “గమనించలేదు” అనాలి, అంతకు మించి ఒక్క మాట అల్లకూడదు అన్నది నియమం. చీటీలో, సూటిగా అడిగితేనే బయటపెట్టవలసిన ఒక్క బలహీనత ఉంటుంది. పీడబ్ల్యూ-2 చీటీలో “మీకు దూరపు చూపుకు కళ్ళద్దాలున్నాయి, ఆ రాత్రి పెట్టుకోలేదు” అని రాశాను. మూడు వారాల్లో దాన్ని రాబట్టినవారు ఐదుగురు.

ఇప్పటివరకు: తరగతి గంటలు 31.20. నాలుగు నిమిషాల ముక్కలు 141. ఒక్కో విద్యార్థి చేసినవి కనీసం 5.

దశ 5: వ్యత్యాసాల రుజువు (8, 9 వారాలు)

ఎక్కువ సమయం తిన్నదీ, మళ్ళీ చేస్తే ఇంకా ఎక్కువ సమయం ఇవ్వాలనుకుంటున్నదీ ఈ దశే. ఫైలులో పోలీసు వాంగ్మూలానికీ కోర్టు సాక్ష్యానికీ మధ్య ఏడు తేడాలు పెట్టాను, నాలుగు విభేదాలు, మూడు లోపాలు (కోర్టులో చెప్పి, పోలీసులకు చెప్పకుండా వదిలేసినవి). మొదటి విచారణలో డిఫెన్స్ ఐదింటిని కనిపెట్టింది, మూడింటిని సాక్షి ముందు పెట్టింది, ఒకదాన్ని మార్క్ చేయించింది. దర్యాప్తు అధికారి ద్వారా రుజువు చేసినవి సున్నా. అంటే చట్టం దృష్టిలో ఆ రెండు రోజుల్లో ఒక్క వ్యత్యాసం కూడా రికార్డులోకి రాలేదు. వాదనల్లో మాత్రం డిఫెన్స్ మూడింటి గురించీ ఉద్వేగంగా మాట్లాడింది.

పీడబ్ల్యూ-2 పోలీసులకు చెప్పింది: “కేకలు విని బయటకు వచ్చేసరికి ముద్దాయి పరుగెత్తుతూ కనిపించాడు.” చీఫ్‌లో చెప్పింది: “ముద్దాయి పొడవడం కళ్ళారా చూశాను.” దీన్ని రుజువు చేసే వరసను, 2015లో వి.కె. మిశ్రా కేసులో సుప్రీంకోర్టు చెప్పినదాన్ని అనుసరించి, ఇలా గోడ మీద రాశాం:

1. కోర్టులో చెప్పిన మాటకు సాక్షిని కట్టివేయండి.
2. పోలీసు వాంగ్మూలంలోని ఆ ఒక్క భాగాన్నే చూపండి, లేదా చదివి వినిపించండి.
3. సాక్షి ఒప్పుకుంటే అక్కడితో రుజువైనట్టే. ఆపేయండి.
4. కాదంటే ఆ భాగాన్ని మాత్రమే, రుజువుకు లోబడి, డి-సీరీస్‌లో (డిఫెన్స్ పత్రాల వరసలో) మార్క్ చేయించండి.
5. దర్యాప్తు అధికారి బోనెక్కినప్పుడు “పీడబ్ల్యూ-2 మీ ముందు ఎగ్జిబిట్ డి-1లో ఉన్నట్టు చెప్పారు కదా?” అని అడగండి.

లోపమైతే చూపడానికి భాగమేదీ ఉండదు. “పొడవడం చూశానని మీరు పోలీసులకు చెప్పలేదు” అని సాక్షి ముందు పెట్టాలి. చెప్పానంటే, అధికారిని “ఆ సాక్షి మీకు అలా చెప్పలేదు కదా?” అని అడగాలి. ప్రతి లోపమూ విభేదం కాదు. సందర్భాన్ని బట్టి ముఖ్యమైనదైతేనే అవుతుందని సెక్షన్ 181 వివరణ చెబుతుంది. పీడబ్ల్యూ-2 చొక్కా రంగు చెప్పకపోవడం మీద ఒక జట్టు ఎనిమిది నిమిషాలు వెచ్చించింది.

నాలుగో మెట్టు దాకా రెండు వారాల్లో అందరికీ వచ్చింది. ఐదో మెట్టు మళ్ళీ మళ్ళీ జారింది. కారణం చట్టం తెలియక కాదు, పని పంపకం. పీడబ్ల్యూ-2ను అడిగేది ఒకరు, పీడబ్ల్యూ-5ను అడిగేది మరొకరు. మొదటివారు మార్క్ చేయించినది రెండోవారికి తెలియదు. అందుకని ఒక చీటీ తయారుచేశాం: సాక్షి, వాంగ్మూలం పేజీ, ఎగ్జిబిట్ అంకె లేదా “లోపం”, అధికారిని అడగవలసిన ప్రశ్న పూర్తి వాక్యంలో. క్రాస్ ముగించిన న్యాయవాది కూర్చోకముందే ఆ చీటీని పీడబ్ల్యూ-5 బాధ్యత ఉన్నవారి చేతిలో పెట్టాలి. ఈ ప్రాజెక్టులోని పనిముట్లలో ఇదే అన్నిటికన్నా చిన్నది, అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది.

ఇప్పటివరకు: తరగతి గంటలు 39.20.

దశ 6: కత్తి స్వాధీనం, ముద్దాయి పరీక్ష (10వ వారం)

మధ్యవర్తుల నివేదికలో ముద్దాయి మాటలు ఇలా ఉన్నాయి: “అతణ్ణి పొడిచిన కత్తిని నీళ్ళ తొట్టె వెనక దాచాను, వస్తే చూపిస్తాను.” మొదటి విచారణలో పీడబ్ల్యూ-3 చేత దీన్ని ఆమూలాగ్రం చదివించారు. పోలీసుల ముందు చేసిన నేరాంగీకారం చెల్లదు, దాని ఫలితంగా బయటపడిన వాస్తవానికి నేరుగా సంబంధించిన ముక్క మాత్రమే చెల్లుతుంది. మద్రాసు హైకోర్టు నుంచి ప్రివీ కౌన్సిల్‌కు వెళ్ళిన పులుకూరి కొట్టయ్య కేసు (ఏఐఆర్ 1947 పీసీ 67) దీనికి మూలం. అక్కడ ఉదాహరణగా చెప్పిందీ కత్తే: దాచిన కత్తిని చూపిస్తానన్న మాట చెల్లుతుంది, దానితోనే పొడిచానన్న మాట చెల్లదు. సిద్ధాంతం అందరూ పరీక్షల్లో రాసినదే, అయినా కాగితం చేతికొచ్చేసరికి ఎక్కడ కోయాలో తెలియలేదు. అందరికీ నివేదిక నకళ్ళూ నల్ల స్కెచ్ పెన్నులూ ఇచ్చి, చెల్లని మాటలను కొట్టేయమన్నాను. 24 మందిలో సరిగ్గా “అతణ్ణి పొడిచిన” అన్నంతవరకే కొట్టింది తొమ్మిది మంది. ఆరుగురు వాక్యమంతా కొట్టేశారు, అంటే కత్తినే పోగొట్టుకున్నారు.

అదే వారం బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 351 కింద ముద్దాయి పరీక్ష, అంటే న్యాయమూర్తి ముద్దాయిని ప్రశ్నించడం. న్యాయమూర్తుల పాత్ర విద్యార్థులకే ఇచ్చాను. “సాక్షులందరూ మీకు వ్యతిరేకంగా చెప్పారు, ఏమంటారు?” అన్న ఒక్క ప్రశ్నతో ఒకరు ముగించారు. ముద్దాయి ముందు విడిగా పెట్టని పరిస్థితిని అతనికి వ్యతిరేకంగా వాడకూడదని 1984 నాటి శరద్ బిర్ధిచంద్ శారదా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దాన్ని బట్టి ఆ తీర్పులో కత్తి స్వాధీనాన్ని పూర్తిగా పక్కనపెట్టించాను. తాము కష్టపడి మార్క్ చేయించిన ఎం.ఓ.1 (మెటీరియల్ ఆబ్జెక్ట్, ఇక్కడ కత్తి) న్యాయమూర్తి మరుపు వల్ల పోయిందని ప్రాసిక్యూషన్ విద్యార్థులకు చాలా కోపం వచ్చింది. అడగవలసిన ప్రశ్నల ముసాయిదాను కోర్టుకు అందించే వీలు న్యాయవాదులకు ఉందని, దాన్ని వాడుకోవడం తమ పనేనని ఆ కోపంలోంచే తెలుసుకున్నారు.

ఇప్పటివరకు: తరగతి గంటలు 44.00.

దశ 7: రెండో విడత, నాలుగు పూర్తి విచారణలు (11, 12, 13 వారాలు)

ఈ విడతకు ఒక్క మార్పు చేశాను. మన సెషన్స్ కోర్టుల్లో సాక్ష్యాన్ని మామూలుగా ప్రశ్న, జవాబుగా రాయరు. న్యాయమూర్తి కథన రూపంలో చెప్పి రాయిస్తారు. కాబట్టి మాక్‌లోనూ న్యాయమూర్తి చెబుతుండగా ఒక విద్యార్థి టైపు చేయాలి, వాదనల్లో ఆ కాగితం మీద ఉన్నది తప్ప మరేదీ ఉదహరించకూడదు అని పెట్టాను.

దీని దెబ్బ మొదటి గంటలోనే తెలిసింది. చివర్లో డిఫెన్స్ వరసగా 31 సజెషన్లు (తమ వైపు కథను సాక్షి ముందు పెట్టే ప్రశ్నలు) పెట్టింది. కాగితం మీద అవి నాలుగు వరసలు: “నేను ముద్దాయిపై కక్షతో అబద్ధపు సాక్ష్యం చెబుతున్నానంటే నిజం కాదు...” సజెషన్ దానంతటది సాక్ష్యం కాదు. డిఫెన్స్ తన కథను సాక్షి ముందు పెట్టి తీరాలి, కానీ దానికి మూడు నాలుగు వాక్యాలు చాలు. తర్వాతి మూడు విచారణల్లో సజెషన్లు 12, 9, 7కు దిగాయి. నేను ఎన్నిసార్లు చెప్పినా తగ్గనివి ఆ కాగితం చూశాక తగ్గాయి.

రెండో విచారణలో ఇంకో సంగతి జరిగింది. పీడబ్ల్యూ-1 “అతని చేతిలో ఏదో మెరిసినట్టు కనబడింది” అన్నాడు. న్యాయమూర్తి చెప్పి రాయించింది “ముద్దాయి చేతిలో కత్తిని చూశాను.” డిఫెన్స్ న్యాయవాది అప్పటికే తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోయింది. సాక్ష్యం ముగిశాక చదివి వినిపించినప్పుడూ ఆమె తన నోట్సు చూసుకుంటోంది. వాదనల్లో “మెరిసినట్టు” అన్న మాట మీద కేసంతా కట్టబోయి, కాగితం తిప్పి చూసి ఆగిపోయింది. మూడో విచారణ నుంచి ప్రతి జట్టులో ఒకరి పని, న్యాయమూర్తి చెప్పేది వింటూ, తేడా వస్తే అప్పటికప్పుడు లేచి సాక్షి అన్న మాటనే రాయమని కోరడం.

నాలుగు విచారణలకు పట్టిన సమయం: 5.50, 6.10, 5.30, 5.20 గంటలు. క్రాస్ ప్రశ్నలు మొత్తం 612, అంటే విచారణకు 153. మొదటిసారి 318 అడిగారని గుర్తుంచుకోవాలి. ఒకే వాస్తవం ఉన్న లీడింగ్ ప్రశ్నలు 471, వదిలేసినవి 63, కలిపేసినవి 52, వాదనలు 26. నూటికి ముప్పై ఉన్నది డెబ్బై ఏడయింది. వ్యత్యాసాలు విచారణకు 7 చొప్పున 28. సాక్షి ముందు పెట్టినవి 24, సరైన పద్ధతిలో అధికారి దాకా తెచ్చినవి 21, రుజువైనవి 17. పోయిన నాలుగూ ఒకే జట్టువి. ఆ జట్టులో చీటీ చేతులు మారింది కానీ, అందుకున్నవారికి ఆ చేతిరాత అర్థం కాలేదు.

ఫలితాలు: రెండు కేసుల్లో 109(1) కింద శిక్ష, ఒకదానిలో నేరాన్ని ప్రమాదకర ఆయుధంతో తీవ్ర గాయానికి, అంటే 118(2)కు తగ్గించడం, ఒకదానిలో విడుదల. ఫైలు తూకం సరిపోయిందనడానికి నాకు ఇది చాలు.

మొత్తం: తరగతి గంటలు 66.50. పూర్తి విచారణలు 5. క్రాస్ ప్రశ్నలు 930.

దశ 8: మిగిలిపోయిన పని (14వ వారం)

రీ-ఎగ్జామినేషన్ (క్రాస్ తర్వాత సాక్షిని పిలిచిన పక్షమే మళ్ళీ ప్రశ్నించడం) నేర్పలేకపోయాను. నాలుగు విచారణల్లో కలిపి దాన్ని వాడుకున్నది మూడుసార్లు, అందులో రెండు చీఫ్‌లో మరిచిపోయినవి అడగడానికి. దానికి ఒక వారం విడిగా కావాలి. డాక్టరు పాత్ర మొదటి సంవత్సరం విద్యార్థులకు కుదరలేదు. గాయం లోతు అడిగినప్పుడల్లా వారు ధ్రువపత్రం వంక బిక్కమొహం వేసుకుని చూశారు. ఈసారి ఆ పాత్రకు వైద్యం తెలిసినవారే కావాలి. న్యాయమూర్తులు ముగ్గురూ అభ్యంతరాలను మూడు రకాలుగా తేల్చారు, విద్యార్థులు దాన్ని అన్యాయమన్నారు. దాన్ని మాత్రం దిద్దదలచుకోలేదు.

వచ్చే బృందం కోసం ఫైలులో చేసిన మార్పులు:

1. పీడబ్ల్యూ-2 కళ్ళద్దాల చీటీ తీసేశాను, సంగతి బయటికి పొక్కిపోయింది.
2. ఏడు వ్యత్యాసాల్లో రెండింటిని చోటు మార్చాను. ఒకటి ఇప్పుడు ప్రాసిక్యూషన్‌కు పనికొస్తుంది.
3. వ్యత్యాసాల చీటీని చేతిరాతతో కాక, గడులున్న అచ్చు ఫారంగా మార్చాను.
4. ఘటన తేదీని ఇంకొకరి చేత సరిచూయించాను.